ఆటో కిరాయి ఇరవై

నేను లెక్కల మనిషిని.
ఎర్రగుంట్ల కాటా దగ్గర ముప్పై ఏండ్లు
లారీల మీది నాపరాయిని టన్నుల్లో రాసినోణ్ణి.
రిటైరైనాక సంఘం వాళ్లు
కానుకల పెట్టె తాళంచెవి చేతిలో పెట్టినారు.
చిల్లర పది పదులుగా పేర్చడం,
చినిగిన నోట్లకు టేపు అంటించడం,
దేవుని పని అంటే నాకు తెలిసింది అంతే.

పరంజ్యోతమ్మ మా సంఘంలో మొదటి ఆడ డీకన్.
పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్లు కడుగుతాది.
గోళ్ల సందుల్లోని బూడిదరంగు బురద
ప్రభురాత్రి భోజనం నాడు కూడా పోదు.
నెలాఖరుకు ఒక రూళ్ల నోటుబుక్కు తెచ్చి
నా బల్ల మీద పెడతాది.

యోబు తాతకు దగ్గు మందు, నూటా నలభై.
మాబున్నీ బిడ్డకు బడి బూట్లు.
స్టేషను కాడ సరస్వతికి చీర, మూడు వందలు.
ఆటో కిరాయి ఇరవై.
ఆటో కిరాయి ఇరవై.
ఆటో కిరాయి ఇరవై.

"ఈ సరస్వతి ఎవరమ్మా?"
"రైల్లో చప్పట్లు కొట్టి అడుక్కుంటాదే, ఆ యమ్మి."
"మన సంఘమేనా?"
"ఏ సంఘమో ఎవరూ అడగలే సార్.
జరమొచ్చి ప్లాట్‌ఫారం మీద పడుంటే
పోలీసాయన మాత్రం అడిగినాడు, కట్టెతో."

ఆ వరస పక్కన ఎర్రసిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టినాను.

కమిటీలో దానమయ్య గారు గొంతు సవరించుకున్నారు:
"మన విధవరాండ్రకే చాలడం లేదే."
ఆదిలో డీకన్లను ఏర్పరచుకున్నదే
వడ్డనలో కొందరు ముసలమ్మలను మరిచినందుకని
ఆ గదిలో అందరికీ తెలుసు.
నాకూ తెలుసు.
నేను మినిట్స్ రాసుకుంటా కూర్చున్నాను.

మే నెలలో నోటుబుక్కు రాలేదు.
ఒక ఆదివారం, రెండో ఆదివారం, మూడోది.
ఎవరికి బాగలేకున్నా ఆమెకు చెప్పేవాళ్లం.
ఆమెకు బాగలేకపోతే ఎవరికి చెప్పాల్నో
మాకు అలవాటు లేదు.

పట్టాలు దాటి, రాతిపొడి దిబ్బలు దాటి,
ఇల్లు అడుక్కుంటా పోయినాను.
మంచం మీద ఆమె. గుమ్మడికాయంత మోకాలు.
పొయ్యి కాడ సరస్వతి సంగటి కెలుకుతా వుంది.
గడప కాడ మాబున్నీ ఉల్లిగడ్డలు తరుగుతా వుంది.
నన్ను చూసి సరస్వతి ఒక్క చప్పట కొట్టి,
"కమిటీ వచ్చినాది లేమ్మా!" అనింది.

"ఇన్ని ఆటోలు ఎక్కి మోకాలు ఇట్లెట్లా అయింది?"
నా నోట్లోంచి లెక్కే వచ్చింది ముందు.
"ఆటో రోగులకు సార్. వాళ్లను ఎక్కిచ్చి
నేను ఎనకమాల నడిచేదాన్ని.
నా కిరాయి కూడా రాస్తే
మీరు మళ్లా ఎర్రసిరా తీస్తారని."

కాటా మీద మొదట ఖాళీ బండిని తూస్తాం.
అది తెలియకుండా సరుకెంతో చెప్పలేం.
ముప్పై ఏండ్లు చేసిన పని.
ఈమె మోసిందంతా పైసలతో సహా రాసుకున్నాను,
బండి తూకం ఒక్కనాడూ అడగలేదు.

సంగటి పెట్టినారు. తిన్నాను.
గొడ్డుకారం ఎక్కువై కండ్లలో నీళ్లొచ్చినాయి,
కారానికే అని చెప్పినాను.

ఇప్పుడు బుధవారాలు నా టీవీఎస్ మీద సంచి పోతాది.
నాకు ఈ పని సరిగా రాదు.
యోబు తాత ఇంట్లో మొదటినాడు
ముక్కుకు చేతిగుడ్డ అడ్డం పెట్టుకొని నిలబడితే,
"కూర్చో కాటా సారూ,
నా దగ్గు నాతోనే వుంటాదిలే" అన్నాడు.
పేర్లు మరిచిపోతాను. మందులు తారుమారు చేస్తాను.
ఫ్యాక్టరీ బయట పారేసిన పగుల్రాళ్లు అడిగి
గుడి మెట్ల పక్కన ఏటవాలు దారి పరిపించినాను.
ఎగుడుదిగుడుగానే వచ్చింది.

దాని మీదుగా మొన్న ఆదివారం పరంజ్యోతమ్మ ఎక్కింది,
సరస్వతి భుజం పట్టుకొని.
ఆడవాళ్ల చాపా, మగవాళ్ల చాపా అని
అడగబోయినాయన ఒకరు
పాటల పుస్తకంలో నంబరు వెతుక్కుంటా వుండిపోయినారు.
దానమయ్య గారి భార్య కొంచెం జరిగింది.
కొంచెమే. ఇద్దరికీ చాలింది.

నెలాఖరుకు నోటుబుక్కు నేనే రాసినాను.
ఆటో కిరాయి ఇరవై, పరంజ్యోతమ్మకు.
రాసి, ఆ పాత ప్రశ్నార్థకం
కొట్టేద్దామని వెనక్కి తిప్పినాను.
అప్పటికే ఎవరో దాని కింది చుక్కను
బొట్టు మాదిరి పెద్దది చేసినారు.